షెల్ ప్రాంప్టు రంగులు, రూపం

షెల్ ప్రాంప్టు అనగా ఆదేశపంక్తిలో (కమాండ్ లైన్‌లో) పనిచేసే వాడుకరికి, తరువాతి ఆదేశాన్ని స్వీకరించుటకు సిద్ధంగా ఉన్నానని షెల్ తెలియజేసే చిన్న వ్రాత. యునిక్స్, లినక్స్, మ్యాక్ ఓఎస్, విండోస్ వంటి నిర్వాహక వ్యవస్థలన్నింటిలోను ఇది ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. అతి సాధారణ రూపంలో ఇది $, %, # లేదా > అనే ఒక్క గుర్తు మాత్రమే. వాడుకరి పేరు, కంప్యూటరు పేరు, ప్రస్తుత డైరెక్టరీ, సమయం, క్రితం ఆదేశం ఫలించినదా లేదా అనే సమాచారం మొదలైనవాటిని కూడా ఇందులో చేర్చి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క రంగు ఇవ్వవచ్చును. చూచుటకు అలంకారంగా తోచినా, ఏ యంత్రంపై, ఏ అధికారంతో, ఏ డైరెక్టరీలో ఆదేశం ఇస్తున్నామో ఆ క్షణంలోనే కంటికి తెలిపే సాధనం ఇది. అందువలన కంప్యూటరు వ్యవస్థలను నిర్వహించేవారు ప్రాంప్టు రూపాన్ని భద్రతలో ఒక భాగంగా పరిగణిస్తారు.

ఈ వ్యాసంలోని సంకేతాలు

షెల్ ఆదేశాలను ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయాలి. ఈ వ్యాసంలో ఆ అక్షరాల పేర్లు తెలుగులో వ్రాయబడినవి. ఉదాహరణకు "\యు" అన్నచోట వెనుకకు వాలిన గీత (బ్యాక్‌స్లాష్), ఆ వెంటనే చిన్నబడి యు అక్షరం టైపు చేయాలి. ప్రత్యేకంగా చెప్పనిచోట అక్షరాలన్నీ చిన్నబడివే. "పీఎస్1" అనే పేరులోని పీ, ఎస్ అక్షరాలు మాత్రం పెద్దబడివి.

చరిత్ర

యునిక్స్ నిర్వాహక వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మొదలయినది. దాని తొలి షెల్‌ను కెన్ థాంప్సన్ వ్రాశాడు. 1979లో వెలువడిన ఏడవ యునిక్స్ సంచికతో పాటు స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ వచ్చినది. ప్రాంప్టును పీఎస్1, పీఎస్2 అనే చరరాశులలో ఉంచే పద్ధతి ఈ షెల్ ద్వారా స్థిరపడినది. చరరాశి విలువను మార్చితే ప్రాంప్టు మారుతుంది. ఈ సులభ సూత్రమే నేటికీ కొనసాగుతున్నది. దాదాపు అదే కాలంలో బిల్ జాయ్ వ్రాసిన సీ షెల్ % గుర్తును ప్రాంప్టుగా వాడినది.

గ్నూ ప్రాజెక్టు కొరకు బ్రయాన్ ఫాక్స్ వ్రాసిన బాష్ షెల్ 1989లోను, పాల్ ఫాల్‌స్టాడ్ వ్రాసిన జెడ్ షెల్ 1990లోను, ఫిష్ షెల్ 2005లోను విడుదలయినవి. చాలా లినక్స్ పంపిణీలలో బాష్ పూర్వనిర్ధారిత షెల్‌గా ఉన్నది. ఆపిల్ సంస్థ 2019 నుండి మ్యాక్ ఓఎస్‌లో జెడ్ షెల్‌ను పూర్వనిర్ధారిత షెల్‌గా చేసినది.

వ్యక్తిగత కంప్యూటర్లలో, సీపీ/ఎం నుండి ఎంఎస్-డాస్ వరకు, "ఏ>" వంటి ప్రాంప్టు ఉండేది. దీనిలోని అక్షరం ప్రస్తుత డిస్కును తెలుపుతుంది. 1983లో వచ్చిన ఎంఎస్-డాస్ 2.0లో "ప్రాంప్ట్" అనే ఆదేశం ద్వారా ఈ రూపాన్ని మార్చే వీలు కలిగినది. ఆ ఆదేశానికి "$పి$జి" అని ఇస్తే ప్రస్తుత మార్గం, దాని పక్కన > గుర్తు కనిపిస్తాయి.

రంగుల చరిత్ర వేరు. తెరపై కర్సరును కదిలించుటకు, అక్షరాల రూపం మార్చుటకు కావలసిన సంకేతాలను అమెరికా ప్రమాణాల సంస్థ 1979లో ఒక ప్రమాణంగా ప్రకటించినది. వీటినే వాడుకలో ఆన్సీ సంకేతాలు అంటారు. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ విడుదల చేసిన వీటీ100 టెర్మినల్ ఈ తరహా సంకేతాలను ప్రాచుర్యంలోకి తెచ్చినది. ఆ టెర్మినల్‌లో రంగులు లేవు. అక్షరాలను ప్రకాశవంతం చేయుట, క్రింద గీత గీయుట, తలక్రిందులుగా (నేపథ్యం వెలుగుగా, అక్షరం చీకటిగా) చూపుట వంటివి మాత్రమే సాధ్యమయ్యేవి. నేటి టెర్మినల్ సాఫ్టువేర్లు ఆ యంత్రాలను అనుకరిస్తున్నందువలననే వాటిని "టెర్మినల్ ఎమ్యులేటర్లు" అంటారు.

ప్రాంప్టులో రకాలు

బాష్‌లో ఒకటికంటె ఎక్కువ ప్రాంప్టులు కలవు.

* పీఎస్1: ప్రధాన ప్రాంప్టు. ప్రతి ఆదేశానికి ముందు కనిపిస్తుంది.
* పీఎస్2: ఆదేశం ఒక పంక్తిలో పూర్తికానపుడు కనిపించే కొనసాగింపు ప్రాంప్టు. సాధారణంగా > గుర్తు.
* పీఎస్3: జాబితా నుండి ఒక అంశాన్ని ఎన్నుకొమ్మని కోరే "సెలెక్ట్" ఆదేశంలో వాడబడుతుంది.
* పీఎస్4: ప్రోగ్రామును తప్పుల కొరకు పరిశీలించేటపుడు ప్రతి ఆదేశానికి ముందు వస్తుంది. సాధారణంగా + గుర్తు.
* పీఎస్0: ఆదేశం స్వీకరించిన తరువాత, అది అమలు అగుటకు ముందు కనిపిస్తుంది. ఇది 2016లో బాష్ 4.4తో చేరినది.

క్రొత్తగా కంప్యూటరు నేర్చుకొనేవారు తరచు కంగారుపడేది పీఎస్2 వద్ద. ఉద్ధరణ చిహ్నం ఒకటి మూయకుండా ఎంటర్ మీట నొక్కితే > గుర్తు కనిపిస్తుంది. కంప్యూటరు ఆగిపోయినదని కొందరు భ్రమపడతారు. నిజానికి షెల్ మిగిలిన భాగం కొరకు ఎదురుచూస్తున్నది. కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కితే ప్రధాన ప్రాంప్టు తిరిగి వస్తుంది.

బాష్‌లో ప్రాంప్టు నిర్మాణం

పీఎస్1 విలువలో సాధారణ అక్షరాలతో పాటు బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే సంకేతాలు ఉండవచ్చును. ప్రాంప్టు చూపే ప్రతిసారి షెల్ ఆ సంకేతాల స్థానంలో అసలు విలువలను ఉంచుతుంది. ముఖ్యమైన సంకేతాలు ఇవి.

* \యు: వాడుకరి పేరు
* \హెచ్: కంప్యూటరు పేరు (మొదటి చుక్క వరకు)
* \డబ్ల్యు: ప్రస్తుత డైరెక్టరీ పూర్తి మార్గం. సొంత డైరెక్టరీని ~ గుర్తుతో సూచిస్తుంది.
* \డబ్ల్యు (పెద్దబడి): మార్గంలోని చివరి పేరు మాత్రమే
* \టి: 24 గంటల పద్ధతిలో గంటలు, నిమిషాలు, సెకన్లు
* \ఎన్: క్రొత్త పంక్తి
* \జె: వెనుక నడుస్తున్న పనుల సంఖ్య
* \$: సాధారణ వాడుకరికి $, వ్యవస్థాధికారికి (రూట్‌కు) # గుర్తు

ఉదాహరణకు ఈ క్రింది ఆదేశాన్ని తీసుకొనవచ్చును.

పీఎస్1='\యు@\హెచ్:\డబ్ల్యు\$ '

సమాన గుర్తుకు ఇరువైపులా ఖాళీ ఉండరాదు. చివరి $ తరువాతి ఖాళీ, ప్రాంప్టుకు, టైపు చేసే ఆదేశానికి మధ్య ఎడం కొరకు ఉంచబడినది. ఒంటి ఉద్ధరణ చిహ్నాలు వాడుట ముఖ్యం. జంట చిహ్నాలు వాడితే అందులోని చరరాశుల విలువలు ఆ ఒక్కసారికే లెక్కించబడి, తరువాత మారకుండా ఉండిపోతాయి.

పూర్తి మార్గం చూపుటకు, చివరి పేరు మాత్రమే చూపుటకు గల భేదాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చును. నర్సీపట్నం ప్రాంతంలోని మండలాల వివరాలను సేకరించే ఒక విద్యార్థి రోలుగుంట, గొలుగొండ అనే రెండు డైరెక్టరీలు సృష్టించి, రెండింటిలోను "గ్రామాలు" అనే ఉపడైరెక్టరీని ఉంచినాడనుకొందాం. పెద్దబడి డబ్ల్యు వాడిన ప్రాంప్టులో రెండుచోట్లా "గ్రామాలు$" అనే కనిపిస్తుంది. గొలుగొండ పాత ఫైళ్ళను తొలగిస్తున్నానని తలచి రోలుగుంట ఫైళ్ళను తొలగించే ప్రమాదం ఉన్నది. చిన్నబడి డబ్ల్యు వాడితే "~/రోలుగుంట/గ్రామాలు$" అని స్పష్టంగా కనిపిస్తుంది. ఆదేశపంక్తిలో తొలగించిన ఫైళ్ళు చెత్తబుట్టకు పోవు. వాటి నకలు వేరొకచోట లేకపోతే తిరిగి రాబట్టుట కష్టం.

క్రితం ఆదేశం ఫలితాన్ని కూడా ప్రాంప్టులో చూపవచ్చును. ప్రతి ఆదేశం ముగిసినపుడు ఒక సంఖ్యను మిగులుస్తుంది. అది $? అనే చరరాశిలో ఉంటుంది. 0 అయితే విజయం, మరే సంఖ్య అయినా ఏదో ఒక లోపం. 127 అనగా ఆ పేరుగల ఆదేశం దొరకలేదని, 130 అనగా కంట్రోల్, సి మీటలతో ఆపివేయబడినదని అర్థం.

రంగులు

రంగు మార్చుటకు పంపే సంకేతం ఎస్కేప్ అనే అదృశ్య అక్షరంతో మొదలవుతుంది. ఆస్కీ పట్టికలో దాని స్థానం 27. అష్టాంశ పద్ధతిలో 033. బాష్ ప్రాంప్టులో దీనిని "\ఈ" అని వ్రాయవచ్చును. దాని తరువాత [ గుర్తు, ఒకటి లేదా అంతకంటె ఎక్కువ సంఖ్యలు, చివర ఎం అక్షరం వస్తాయి. సంఖ్యల అర్థాలు ఇవి.

* 0: అన్ని మార్పులను రద్దుచేయుట
* 1: బొద్దు లేదా ప్రకాశవంతమైన అక్షరం
* 4: క్రింద గీత
* 7: అక్షరం, నేపథ్యం రంగులు తారుమారు
* 30 నుండి 37 వరకు: అక్షరం రంగు. వరుసగా నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం, మెజెంటా, సయాన్, తెలుపు
* 40 నుండి 47 వరకు: అదే వరుసలో నేపథ్యం రంగు
* 90 నుండి 97 వరకు: అదే వరుసలో ప్రకాశవంతమైన అక్షరం రంగులు

రెండు సంఖ్యలను ; గుర్తుతో కలుపవచ్చును. "1;31" అనగా బొద్దు ఎరుపు.

ఈ మౌలిక రంగులు 8 మాత్రమే. తరువాతి కాలపు టెర్మినళ్ళు 256 రంగులను స్వీకరిస్తాయి. వాటికి "38;5;" తరువాత 0 నుండి 255 వరకు గల సంఖ్య ఇవ్వాలి. ఇందులో మొదటి 16 మౌలిక రంగులు, తరువాతి 216 ఎరుపు, ఆకుపచ్చ, నీలాల ఆరేసి స్థాయుల కలయికలు, చివరి 24 బూడిద వన్నెలు. "38;2;" తరువాత మూడు సంఖ్యలు ఇచ్చి 1,67,77,216 రంగులలో దేనినైనా కోరే పద్ధతి కూడా కలదు; అయితే అన్ని టెర్మినళ్ళు దీనిని గుర్తించవు.

మౌలిక రంగుల అసలు వన్నెను నిర్ణయించేది షెల్ కాదు, టెర్మినల్. 34 అని షెల్ పంపితే "నీలం" అని మాత్రమే అర్థం. అది ఎంత ముదురు నీలమో టెర్మినల్ అమరికలలో ఉంటుంది. ఒక కంప్యూటరులో చక్కగా కనిపించిన నీలి అక్షరాలు మరొకదానిలో నల్లని నేపథ్యంపై చదువలేకుండా ఉండుటకు కారణం ఇదే.

అదృశ్య సంకేతాల సమస్య

రంగుల సంకేతాలు తెరపై చోటు ఆక్రమించవు. కాని ఆదేశం పొడవైనపుడు పంక్తి ఎక్కడ ముగియాలో నిర్ణయించుటకు షెల్ ప్రాంప్టు పొడవును లెక్కిస్తుంది. ఆకుపచ్చను ప్రారంభించే సంకేతంలో 5, రద్దుచేసే సంకేతంలో 4, మొత్తం 9 అక్షరాలు ఉన్నవి. ఇవి కనిపించనివని షెల్‌కు తెలుపకపోతే ప్రాంప్టు 9 గళ్ళు ఎక్కువ పొడవుగా ఉన్నదని అది భావిస్తుంది. ఫలితంగా పొడవైన ఆదేశం అదే పంక్తిపై తిరిగి వ్రాయబడుట, పైకి బాణం మీటతో పాత ఆదేశాలను పిలిచినపుడు అక్షరాల ముక్కలు మిగిలిపోవుట జరుగుతాయి. తెరపై కనిపించే ఆదేశం, నిజంగా అమలయ్యే ఆదేశం వేరువేరుగా ఉండుట ప్రమాదకరం.

దీనికి పరిష్కారంగా అదృశ్య భాగాలను \[ , \] గుర్తుల మధ్య ఉంచాలి. పై ఉదాహరణకు రంగులు చేర్చితే ఇలా ఉంటుంది.

పీఎస్1='\[\ఈ[32ఎం\]\యు@\హెచ్\[\ఈ[0ఎం\]:\[\ఈ[34ఎం\]\డబ్ల్యు\[\ఈ[0ఎం\]\$ '

ఇందులో వాడుకరి, కంప్యూటరు పేర్లు ఆకుపచ్చగాను, మార్గం నీలంగాను కనిపిస్తాయి. ప్రతి రంగు తరువాత 0 సంకేతంతో రద్దు చేయాలి. లేనిచో టైపు చేసే ఆదేశం, దాని ఫలితం కూడా అదే రంగులో వస్తాయి.

మార్పులను శాశ్వతం చేయుట

ఆదేశపంక్తిలో ఇచ్చిన పీఎస్1 విలువ ఆ కిటికీ మూసేవరకే ఉంటుంది. కనుక ముందుగా అక్కడే ప్రయోగాలు చేసి చూచుట క్షేమం. తప్పు జరిగితే కిటికీ మూసి మరల తెరిస్తే చాలును. నచ్చిన రూపం కుదిరిన తరువాత సొంత డైరెక్టరీలోని "డాట్ బాష్ఆర్‌సీ" అనే ఫైలులో ఆ పంక్తిని చేర్చాలి. పేరు చుక్కతో మొదలగుట వలన ఈ ఫైలు సాధారణ జాబితాలో కనిపించదు. మార్చుటకు ముందు దానికి ఒక నకలు తీసి ఉంచుకొనుట మంచి అలవాటు.

ఇతర షెల్లు

జెడ్ షెల్‌లో సంకేతాలు % గుర్తుతో మొదలవుతాయి. వాడుకరి పేరుకు %ఎన్, కంప్యూటరు పేరుకు %ఎం, మార్గానికి %~ వాడాలి. రంగులను సంఖ్యలకు బదులు ఇంగ్లీషు పేర్లతో పేర్కొనవచ్చును. తెర కుడి అంచున కనిపించే రెండవ ప్రాంప్టు కూడా ఇందులో ఉన్నది. ఫిష్ షెల్‌లోను, మైక్రోసాఫ్ట్ 2006లో విడుదల చేసిన పవర్‌షెల్‌లోను ప్రాంప్టు ఒక చరరాశి కాక ఒక ఫంక్షన్. ఆ ఫంక్షన్‌ను తిరిగి వ్రాసి రూపాన్ని మార్చాలి. స్వయంగా వ్రాసుకొనే ఓపిక లేనివారి కొరకు ఓ మై జెడ్‌ఎస్‌హెచ్ (2009), స్టార్‌షిప్ (2019) వంటి స్వేచ్ఛా సాఫ్టువేర్లు సిద్ధరూపాలను అందిస్తున్నవి.

ప్రాంప్టు, భద్రత

దూరపు సర్వర్లను నిర్వహించేవారు ఒకే తెరపై అనేక కిటికీలు తెరచి ఉంచుతారు. అన్నింటిలోను అక్షరాలు ఒకేరీతిగా ఉంటాయి. ఒక కిటికీలో ఇవ్వవలసిన ఆదేశాన్ని మరొక కిటికీలో ఇచ్చుట తేలికగా జరిగే పొరపాటు.

దీనికి ప్రసిద్ధ ఉదాహరణ 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగిన సంఘటన. అక్కడి ఇంజనీరు ఒకరు సహాయక డేటాబేసు సర్వరులోని డైరెక్టరీని తొలగించబోయి, అదే ఆదేశాన్ని ప్రధాన సర్వరుపై ఇచ్చారు. ఒకటి రెండు సెకన్లలో గుర్తించి ఆపివేసినప్పటికీ, సుమారు 300 గిగాబైట్ల సమాచారంలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలినవి. రక్షణ నకళ్ళలో కొన్ని సరిగా పనిచేయుట లేదని అప్పుడే బయటపడినది. చివరకు సుమారు 6 గంటల ముందు తీసిన ఒక నకలు నుండి సేవను పునరుద్ధరించారు. ఆ వ్యవధిలో చేరిన సమాచారం పోయినది. సంస్థ తరువాత ప్రకటించిన నివేదికలోని దిద్దుబాటు చర్యలలో, ఏ సర్వరు ఏదో స్పష్టంగా తెలిసేలా అన్ని యంత్రాలలోను పీఎస్1 మార్చుట కూడా ఒకటి.

ఈ కారణంగా నిర్వాహకులు సాధారణంగా కొన్ని నియమాలు పాటిస్తారు. సొంత కంప్యూటరుకు ఆకుపచ్చ, పరీక్షలకు వాడే సర్వరుకు పసుపు, ప్రజలు వాడే ప్రధాన సర్వరుకు ఎర్రని నేపథ్యం ఉంచుతారు. వ్యవస్థాధికారిగా ప్రవేశించినపుడు ప్రాంప్టు మొత్తం ఎర్రగా కనిపించేలా అమరుస్తారు. ప్రాంప్టు తప్పును ఆపలేదు. ఎంటర్ మీట నొక్కుటకు ముందు ఒక్క క్షణం ఆగి చూచుటకు అవకాశం ఇస్తుంది. రక్షణ నకళ్ళకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

తెలుగు లిపి, ప్రాంప్టు

కంప్యూటరు పేరు, వాడుకరి పేరు సాధారణంగా ఇంగ్లీషు అక్షరాలలోనే ఉంటాయి. డైరెక్టరీలకు మాత్రం తెలుగు పేర్లు పెట్టవచ్చును. అవి ప్రాంప్టులో కనిపించినపుడు కొన్ని ప్రత్యేక సమస్యలు ఎదురవుతాయి.

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచిక నుండే తెలుగుకు స్థానం ఉన్నది. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతం 3 బైట్లు ఆక్రమిస్తుంది. "రోలుగుంట" అనే పేరును చూస్తే, కంటికి కనిపించే అక్షరాలు 4 (రో, లు, గుం, ట). యూనికోడ్ సంకేతాలు 8: నాలుగు హల్లులు, ఓత్వం, రెండు కొమ్ములు, సున్న. బైట్లు 24. లినక్స్‌లో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్ల పరిమితి ఉన్నందువలన, తెలుగులో ఒక పేరు 85 సంకేతాలకు మించరాదు.

టెర్మినల్ తెర సమానమైన గళ్ళుగా విభజించబడి ఉంటుంది. "రోలుగుంట"కు ఎన్ని గళ్ళు కావాలి అనే ప్రశ్నకు అన్ని సాఫ్టువేర్లు ఒకే సమాధానం ఇవ్వవు. యూనికోడ్ వర్గీకరణలో ఓత్వం చోటు ఆక్రమించని గుర్తు. కొమ్ము, సున్న చోటు ఆక్రమించే గుర్తులు. ఈ భేదాన్ని పాటించే సాఫ్టువేరు 7 గళ్ళు లెక్కిస్తుంది. గుర్తులన్నింటినీ సున్నాగా తీసుకొనే సాఫ్టువేరు 4 గళ్ళు లెక్కిస్తుంది. షెల్ ఒక విధంగా, టెర్మినల్ మరొక విధంగా లెక్కించినపుడు కర్సరు తప్పు స్థానంలో నిలుస్తుంది. పైన చెప్పిన అదృశ్య సంకేతాల సమస్య ఇక్కడ మరొక రూపంలో ఎదురవుతున్నది. పోతన2000, లోహిత్ తెలుగు వంటి ఖతులలో అక్షరాల వెడల్పు ఒకేలా ఉండకపోవుట వలన గళ్ళలో ఇమిడ్చినపుడు అక్షరాలు విడిపోయినట్లు కూడా కనిపించవచ్చును.

దీనికి సులభమైన ఉపాయం ప్రాంప్టును రెండు పంక్తులుగా చేయుట. మార్గాన్ని మొదటి పంక్తిలో ఉంచి, \ఎన్ తరువాత రెండవ పంక్తిలో \$ మాత్రమే ఉంచాలి.

పీఎస్1='\డబ్ల్యు\ఎన్\$ '

ఆదేశం టైపు చేసే పంక్తిలో తెలుగు అక్షరాలు లేనందున, మార్గం పొడవును షెల్ తప్పుగా లెక్కించినా కర్సరు చెదరదు. పొడవైన మార్గాలకు కూడా ఈ అమరిక అనువైనది.

తెలుగు పేర్లకు బదులు ప్రశ్నార్థకాలు గాని, \340\260\260 వంటి సంఖ్యలు గాని కనిపిస్తే ఫైలు పాడయినదని భావించనవసరం లేదు. ఆ మూడు సంఖ్యలు "ర" అక్షరం యొక్క మూడు బైట్లే. వ్యవస్థలోని భాష అమరిక యూటీఎఫ్-8కు మారితే పేరు యథాతథంగా కనిపిస్తుంది.

జాగ్రత్తలు

* ఎరుపు, ఆకుపచ్చల భేదం గుర్తించలేని వర్ణాంధత కొందరికి ఉంటుంది. ఇది స్త్రీలలోకంటె పురుషులలో ఎక్కువ. కనుక రంగుతో పాటు ఒక పదం లేదా గుర్తు కూడా ఉంచాలి. $, # గుర్తుల భేదం ఈ అవసరాన్ని తొలినుండి తీరుస్తున్నది.
* ప్రాంప్టు చూపే ప్రతిసారి నడిచే ఆదేశాలను అధికంగా చేర్చితే, ఎంటర్ నొక్కిన ప్రతిసారి ఆలస్యం జరుగుతుంది.
* ఇతరులు వ్రాసిన పంక్తులను అర్థం చేసుకొనకుండా అమరికల ఫైలులో చేర్చరాదు. పీఎస్1లో ఏ ఆదేశాన్నైనా దాచి అమలు చేయించవచ్చును.
* అన్ని రంగులూ వాడితే ఏ రంగూ కంటికి ఆనదు. ప్రమాద సూచనకు ఒక రంగును ప్రత్యేకించి, మిగిలినచోట్ల దానిని వాడకుండుట మేలు.

ఇవి కూడా చూడండి

* యునిక్స్
* లినక్స్
* బాష్
* యూనికోడ్
* తెలుగు లిపి